ఆ చప్పుడు దేనితో తిరుగుతోంది?

మీరు కొన్న సెకండ్ హ్యాండ్ బండి ఈమధ్య ఏదో చప్పుడు చేస్తోంది. కొన్నరోజు లేదు. ఉన్నా, కొన్న సంబరంలో చెవికెక్కలేదేమో. ఇప్పుడు మాత్రం రాస్ తనూరాలోని రహీమా బజారు నుంచి రూముకొచ్చే దారంతా హెల్మెట్ లోపల అదొక్కటే వినపడుతోంది. ఇంజను బాగానే లాగుతోంది, మైలేజీ తగ్గలేదు. కాని కాళ్ల కింద ఎక్కడో టకటకో, గరగరో.

ఏం చేస్తారు? రూములో వాళ్లను అడుగుతారు. నలుగురుంటే నాలుగు రోగాలు బయటపడతాయి. "ఏం గాదు తమ్మీ, చైన్ లూజైంది. గింత టైట్ జేస్తే సరిపోతది" అంటాడు జగిత్యాల అన్న. "కాదన్నా, బేరింగ్ పోనాది" అంటాడు సోంపేట వెల్డరు. మూడో ఆయన ఇంజను దింపాల్సిందే అంటాడు. నాలుగో ఆయన ఇంకా తెలివైనవాడు, అమ్మి పారెయ్యమంటాడు.

వీళ్లలో ఎవరు కరెక్టు? చప్పుడు ఎలా ఉందో విని ఎవరూ చెప్పలేరు. టకటక చైన్‌లోంచీ రావచ్చు, టైమింగ్ చైన్‌లోంచీ రావచ్చు, టైరులో దిగిన రాయిలోంచీ రావచ్చు. కాబట్టి "అదేం చప్పుడు?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. "అది దేనితో తిరుగుతోంది?" అని అడగండి. ఇంజను నుంచి రోడ్డు దాకా నాలుగు రకాల తిరుగుడే ఉంది: ఇంజను, ముందు స్ప్రాకెట్, చైన్, వెనక చక్రం. నాలుగూ నాలుగు వేగాల్లో తిరుగుతాయి. మీ చప్పుడు వీటిలో దేని వేగంతో కలుస్తుందో పట్టుకుంటే పని సగం అయిపోయినట్టే. దానికి పానాలు కూడా అక్కర్లేదు.

సౌదీలోని రాస్ తనూరాలో ఉన్న మీకు ఒక సౌకర్యం కూడా ఉంది. 1945 నుంచి నడుస్తున్న రిఫైనరీ ఊరు ఇది. మీలో ఎంతోమంది రోజంతా పంపులు, మోటార్లు, కంప్రెసర్ల పక్కనే నిలబడతారు. బేరింగ్ మోగితే పంపు ఆపాలని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చెవినే బండి దగ్గరకు తీసుకురండి.

ఇక్కడి గాలి గురించి ఒక మాట. ఊరు సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీద ఉంది. ఉప్పు గాలి, వేసవిలో ఉక్క, షమాల్ గాలి లేచినప్పుడు పిండిలాంటి ఇసుక. ఈ మూడూ కలిసి ముందు తినేది చైన్‌నే. మన ఊళ్లో రెండేళ్లు పట్టే అరుగుదల ఇక్కడ పట్టించుకోకపోతే చాలా ముందే వస్తుంది. లింకుల మధ్య ఎర్రటి పొడి కనపడిందా? లోపలి పిన్ను తుప్పు పట్టి అరుగుతోందని అర్థం. పైన ఎంత నూనె పూసినా ఆ లింకు మళ్లీ బాగుపడదు.

ముందు చౌక అనుమానితులు

ఇంజను దాకా పోయే ముందు పైసా ఖర్చు లేనివి చూడండి. వదులైన నంబర్ ప్లేటు, సైలెన్సర్ బిగింపు బోల్టు, సైడ్ స్టాండు స్ప్రింగు, చైన్‌కి తగులుతున్న రేకు. చిన్న బళ్లలో చాలావాటికి చైన్ మొత్తాన్ని కప్పే కవరు ఉంటుంది. దాని అడుగున ఇసుక, పాత గ్రీజు కలిసి గట్టిపడి చైన్‌ని రాస్తుంటాయి. కవరుకి ఉన్న రబ్బరు బిరడా తీసి టార్చి వేసి చూడండి. టైరు గాళ్లలో రాయి ఇరుక్కుందేమో వేలితో తడమండి. బటన్ల టైరు వేయించుకుని, రోడ్డు మీద హోరు వస్తోందని గేర్‌బాక్సు విప్పించినవాళ్లు కూడా ఉంటారు.

టైరు దగ్గరే ఉన్నారు కాబట్టి దాని మీద నాలుగంకెల తేదీ చూసేయండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఈ ఎండలో పాతబడిన టైరు గట్టిపడి అరుస్తుంది. అరుపు సంగతి సరే, తడి రోడ్డు మీద జారుతుంది కూడా.

ఇవేవీ కావని తేలిందా? ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం.

1. శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టండి

రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ ఎక్కదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. సెలవు రోజున మీకు మీరే ఆ రూలు పెట్టుకోండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కాక పోయే చప్పుడు వేరు. వేడెక్కాకే మొదలయ్యేది వేరు. ఏది మీదో కాగితం మీద రాసుకోండి.

రిఫైనరీ కంచె పక్కన, గేట్ల దగ్గర ఈ పరీక్షలు వద్దు. ముఖ్యంగా ఫోనులో వీడియో తీయడం అస్సలు వద్దు. మీరు తీసేది చైన్‌నే కావచ్చు, సెక్యూరిటీ వాళ్లకు ఆ సంగతి చెప్పి ఒప్పించే సరికి శుక్రవారం అయిపోతుంది.

2. నిలబెట్టి వినండి

బండి న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రైజ్ చేయండి. చప్పుడు వస్తోందా? వస్తే చైన్, చక్రం రెండూ కేసులోంచి బయటపడ్డట్టే, ఎందుకంటే అవి తిరగడం లేదు. ఇప్పుడు క్లచ్ నొక్కండి. గలగల ఆగిపోతే క్లచ్ బాస్కెట్ వైపో, గేర్‌బాక్సు లోపలికి వెళ్లే షాఫ్ట్ బేరింగ్ వైపో చూడాలి. నొక్కితేనే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో కొద్దిపాటి గలగల చాలా బళ్లకు మామూలే. కొన్ని పాత డుకాటీలకు డ్రై క్లచ్ ఉంటుంది, అవి కొత్తగా ఉన్నప్పుడు కూడా గిన్నెలు కడిగినట్టే మోగుతాయి. భయపడకండి.

న్యూట్రల్‌లో నిశ్శబ్దంగా ఉండి, నడిస్తేనే చప్పుడు వస్తోందా? అయితే తర్వాతి మెట్టు.

3. ఒకే వేగం, రెండు గేర్లు

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో వెళ్లండి. విన్నారా? ఇప్పుడు అదే 40లో నాలుగో గేరు వేయండి. ఇంజను నెమ్మదిస్తుంది, చక్రం వేగం మారదు. చప్పుడు కూడా ఇంజనుతోపాటు నెమ్మదిస్తే అది ఇంజను వైపుది. ఏమీ మారకుండా అలాగే ఉంటే చైన్, చక్రం వైపుది. ఒకే ఒక్క గేరులో ఊళ వేసి మిగతావాటిలో మౌనంగా ఉంటే ఆ గేరు జతనే అనుమానించండి.

తర్వాత క్లచ్ నొక్కి బండిని దొర్లనివ్వండి. చప్పుడు అలాగే ఉంటే చక్రం వైపు అన్న అనుమానం గట్టిపడుతుంది. ఆగిపోతే? ఇక్కడే చాలామంది తొందరపడి "ఇంజనులోనే" అని తీర్పు చెప్పేస్తారు. ఆగండి. అరిగిన స్ప్రాకెట్ పళ్ల మీద చైన్ లాగుడు పడ్డప్పుడే అరుస్తుంది, లాగుడు తీసేస్తే నోరు మూసుకుంటుంది. అందుకే గేరు మార్చిన పరీక్ష, క్లచ్ నొక్కిన పరీక్ష, రెండూ కలిపి చూడాలి. ఒక్కదాన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టకండి.

ఆఖరుగా ఎక్సలేటర్ ఇస్తూ, వదులుతూ చూడండి. ఇచ్చిన క్షణంలో, వదిలిన క్షణంలో కాళ్ల కింద "ఖడ్" మంటోందా? దాని సంగతి కిందకి వచ్చాక చెప్పుకుందాం.

4. లెక్కపెట్టండి

ఈ అధ్యాయంలో మీకు ఒక్క పరీక్షే చేసే ఓపిక ఉంటే, ఇదే చేయండి.

వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, బండిని ఒక చుట్టు తోసి, నేల మీద ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. చాలా బళ్లకు అది 2 మీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. తర్వాత స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టండి. ఉదాహరణకు ముందు 15, వెనక 45, చైన్‌లో 120 లింకులు అనుకుందాం. చక్రం ఒకసారి తిరిగితే ముందు స్ప్రాకెట్ మూడుసార్లు తిరుగుతుంది. చైన్ మాత్రం ఒక పూర్తి చుట్టు తిరిగి రావడానికి చక్రం రెండున్నర కంటే ఎక్కువ, దాదాపు 2.7 చుట్లు తిరగాలి. అంటే సుమారు 5 మీటర్ల 30 సెంటీమీటర్లు.

ఇప్పుడు బండిని న్యూట్రల్‌లో చేత్తో తోయండి. ఇక్కడ నేల బల్లపరుపు కాబట్టి ఇంజను ఆపి దొర్లిద్దామంటే ఘాట్ రోడ్డు దొరకదు. ఒక స్నేహితుడిని సాయం పిలవండి, చాయ్ ఖర్చు మీది. 2 మీటర్లకోసారి టక్కుమంటే చక్రంతో తిరిగేది: బేరింగ్, బ్రేక్ డిస్కు, డ్రమ్ము, వెనక స్ప్రాకెట్‌లో ఒక పన్ను. 5 మీటర్లు దాటాక ఒకసారి టక్కుమంటే చైన్‌లో ఒకే ఒక లింకు: బిగుసుకుపోయింది, లేదా లాక్ లింకు క్లిప్పు కవరుకి తగులుతోంది. 65, 70 సెంటీమీటర్లకోసారి అయితే ముందు స్ప్రాకెట్.

తోసినప్పుడు రాక, నడిపినప్పుడే వస్తోందా? గంటకు 20 కిలోమీటర్ల వేగంలో పోనిచ్చి చెవితో లెక్కపెట్టండి. సెకనుకు ఒకటి చొప్పున వస్తే చైన్. దాదాపు మూడు వస్తే చక్రం. ఎనిమిది దాకా వస్తే, లెక్క అందక గడగడగా వినపడితే, ముందు స్ప్రాకెట్. అసలు లెక్కకే అందని జోరీగ చప్పుడైతే ఇంజను వేగానిది, లేదా బంతులు అరిగిన బేరింగుది. మీ బండి పళ్లు, లింకులు వేరైతే అంకెలు కొంచెం మారతాయి, వరస మారదు.

చైన్ మీద అనుమానం వస్తే ఒక లింకు మీద తెల్ల పెయింటు చుక్క పెట్టండి. టక్కుమన్న ప్రతిసారీ ఆ చుక్క ఒకే చోట ఉంటే దొంగ దొరికాడు.

5. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి

ఆపి. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. స్టాండ్ మీద గేరు వేసి, చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గుడ్డ ముందు పోతుంది, వెనకే వేళ్లు పోతాయి. చైన్ పనంతా ఇంజను ఆపి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో తిప్పుతూనే.

చైన్ కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడించి, ఎంత కదులుతోందో స్కేలుతో చూడండి. చిన్న బళ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు చెబుతారు. మీ బండికి ఎంతో స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కరు ఉంటుంది, లేదా మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కచోట కొలిచి లేవకండి. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒకచోట 20, ఇంకోచోట 40 వస్తే చైన్ అంతటా ఒకేలా అరగలేదు. దాన్ని బిగించి బాగుచేయలేం. ఎప్పుడు సర్దినా అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటే కొలిచి సర్దాలి.

వెనక స్ప్రాకెట్ వెనకవైపు చైన్‌ని వేళ్లతో పట్టి వెనక్కి లాగండి. సగం పన్ను బయటకు కనపడితే చైన్ ఆయుష్షు అయిపోయినట్టే. ఇంకా కచ్చితంగా కావాలా? చైన్‌ని బిగువుగా పట్టి 21 పిన్నుల మధ్య దూరం, అంటే 20 లింకులు, కొలవండి. 428 నంబరు చైన్ కొత్తగా ఉంటే 254 మిల్లీమీటర్లు. 520, 525, 530 అయితే 317.5. మొదటి రకం 259 దగ్గరకు వచ్చిందంటే రెండు శాతం సాగింది, మార్చాల్సిందే. పెద్ద బళ్లకు కంపెనీలు అంతకంటే ముందే మార్చమంటాయి.

తర్వాత చైన్‌ని వదిలేసి చక్రాన్ని పట్టుకోండి. పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి అటూ ఇటూ ఊపండి. కొంచెమైనా టిక్కుమని ఆడితే బేరింగో, స్వింగ్ ఆర్మ్ బుష్షో. స్వింగ్ ఆర్మ్ కూడా కదులుతోందా, చక్రం ఒక్కటే కదులుతోందా చూస్తే రెండింటిలో ఏదో తేలిపోతుంది. చక్రాన్ని జోరుగా తిప్పి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను యాక్సిల్ చివర ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వినండి. పంపు దగ్గర చేసేదే. మంచి బేరింగ్ సన్నగా, ఒకే తీరుగా సాగుతుంది. పోయింది గరగరలాడుతుంది, మధ్యమధ్య తడబడుతుంది.

6. ఇంకా తేలలేదా? చైన్ తీసేయండి

ఇది అందరూ దాటవేసే మెట్టు, ఎందుకంటే చేతులకు నల్లగా గ్రీజు అంటుతుంది. లాక్ లింకు తీసి చైన్‌ని వేరు చేయండి. లాక్ లింకు లేని రివెట్ చైన్ అయితే యాక్సిల్ వదులు చేసి చక్రాన్ని ముందుకు జరిపి, స్ప్రాకెట్ మీంచి దింపండి. ఇప్పుడు చక్రం విడిగా తిప్పండి. చప్పుడు ఉందా? చక్రం, బ్రేకు. లేదా? ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేసి, చైన్ లేకుండా ముందు స్ప్రాకెట్‌ని తిరగనివ్వండి, చేయి దూరంగా ఉంచండి. చైన్ దాని మీదే వేలాడుతూ ఉంటే మాత్రం ఈ పని చేయకండి, పూర్తిగా బయటకు లాగేశాకే. చప్పుడు ఉంటే గేర్‌బాక్సు వైపు. రెండుచోట్లా లేకపోతే మిగిలింది మీ చేతిలో వేలాడుతున్నదే. బండిని ఇలా సగానికి కోసి చూసే అవకాశం ఉండగా, మూడు నెలలు ఊహించుకుంటూ తిరగడం ఎందుకు?

చైన్ తీసినప్పుడే ముందు స్ప్రాకెట్‌ని వేళ్లతో ఊపండి. చిన్న బళ్లలో దాన్ని ఒక ప్లేటు, రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. అవి వదులైతే స్ప్రాకెట్ షాఫ్ట్ మీద ఆడుతూ గాళ్లను తినేస్తుంది. బోల్టు ఖర్చుతో పోయేది షాఫ్ట్ దాకా వస్తుంది. షాఫ్ట్ మార్చాలంటే ఇంజను విప్పాల్సిందే.

తిరిగి వేసేటప్పుడు లాక్ లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ పరిగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది.

ఆ "ఖడ్" సంగతి

ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు కొట్టుకునే చప్పుడు పాత బళ్లలో ఎక్కువగా కనిపించేది, తప్పుగా అర్థమయ్యేది కూడా. వెనక చక్రం హబ్బుకీ స్ప్రాకెట్‌కీ మధ్య రబ్బరు ముక్కలు ఉంటాయి. మన మెకానిక్కులు వాటిని డ్రమ్ రబ్బర్లు అంటారు. ఈ వేడికి అవి గట్టిపడి, పగిలి, చిన్నవై పోతాయి. పరీక్ష తేలిక: చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టి, రెండో చేత్తో వెనక స్ప్రాకెట్‌ని ముందుకీ వెనక్కీ తిప్పండి. రబ్బరు పట్టు తెలియకుండా ఖాళీగా ఆడిందంటే దొరికింది.

ఇక్కడ జరిగేదేమిటంటే, చప్పుడు విన్నవాడు చైన్ బిగిస్తాడు. కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంకా బిగిస్తాడు. వారానికి కొత్తగా ఒక ఊళ మొదలవుతుంది, ఇద్దరు ఎక్కితే ఎక్కువవుతుంది. ఎందుకు? మనిషి కూర్చుంటే స్వింగ్ ఆర్మ్ పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బుష్షు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినచోట చైన్‌కి అన్నిటికంటే బిగువు. స్టాండ్ మీద సరిగ్గా అనిపించిన చైన్ అక్కడ తీగలా సాగి, గేర్‌బాక్సు బేరింగ్‌నీ చక్రం బేరింగ్‌నీ పీకుతుంది. బిగించాక ఇద్దరిని సీటు మీద కూర్చోబెట్టి, అప్పుడు కూడా చైన్‌లో కొంచెం ఆట మిగిలిందో లేదో చూడండి. లేకపోతే వదులు చేయండి. కాస్త వదులు చైన్ చప్పుడు చేస్తుంది, బిగువు చైన్ డబ్బు తింటుంది. నన్నడిగితే వదులే నయం.

పాత ట్యూబు ముక్కలు కోసి రబ్బర్ల మధ్య కుక్కే పద్ధతి కూడా మనవాళ్లకు తెలుసు. జీతం వచ్చే దాకా గడపడానికి పనికొస్తుంది. దాన్నే రిపేరు అనుకోకండి.

బేరింగ్ అయితే

ఇది తేలితే సంతోషించండి. చక్రం బేరింగుల నంబర్లు ప్రపంచమంతా ఒకటే. 6202 అంటే ఎక్కడైనా లోపల 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు. 6302 అయితే 15, 42, 13. బండి కంపెనీ పేరు కూడా చెప్పక్కర్లేదు, పాతదాని మీది నంబరు చూసి దమ్మాంలో బేరింగుల షాపులో అడగండి. రెండువైపులా రబ్బరు సీలు ఉన్నది తీసుకోండి, ఈ ఇసుకకు అదే కావాలి. బిగించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద సుత్తి పడితే కొత్తది ఆ రోజే పాతదవుతుంది. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టం మరిచిపోతే యాక్సిల్ బిగించగానే రెండూ పట్టేస్తాయి.

గేర్‌బాక్సు వైపు తేలితే మీ చేతిలో మిగిలింది ఒక్కటే: నూనె తీసి చూడటం. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి అంటితే మామూలే. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు దొరికితే ఇక నడపకండి. కారు నూనె పోయలేదు కదా? చౌక అని పోస్తారు. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ఇంజను నూనెలోనే మునిగి ఉంటుంది, డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అన్న గుర్తు ఉన్నదే పోయాలి.

బెల్టుతో నడిచే హార్లీ, షాఫ్ట్‌తో నడిచే గోల్డ్‌వింగ్ లాంటివి కొన్నవాళ్లకు చైన్ గొడవ లేదు. బెల్టు కిచకిచలాడితే ఇసుకో, వంకర బిగింపో. షాఫ్ట్ అయితే ఫైనల్ డ్రైవ్ నూనె ఎప్పుడు మార్చారో ముందు కనుక్కోండి.

వర్క్‌షాపులో ఏం చెప్పాలి

సనాయియా వర్క్‌షాపుకు వెళ్లి "భాయ్, ఆవాజ్ ఆ రహా హై" అంటే ఏమవుతుంది? ఆయన ఒక రౌండు వేసొచ్చి చైన్ సెట్ మార్చమంటాడు. ఆయన తప్పు కాదు, మీరిచ్చింది అంతే. దానికి బదులు ఇలా చెప్పి చూడండి: "చాలీస్ కీ స్పీడ్ మే ఆతా హై. క్లచ్ దబానే సే బంద్ నహీ హోతా. గేర్ బదల్నే సే భీ వైసా హీ రహతా హై." (నలభై వేగంలో వస్తుంది, క్లచ్ నొక్కినా ఆగదు, గేరు మార్చినా అలాగే ఉంటుంది అని.) మెకానిక్ పెషావర్ వాడైనా, ఢాకా వాడైనా తల ఎత్తి చూస్తాడు. ఈ మనిషిని మాయ చేయలేమని కూడా అర్థమవుతుంది.

ఊళ్లో ఉన్న మీ మెకానిక్‌కి వాట్సాప్‌లో వినిపించాలంటే కాల్ చేసి ఫోను చైన్ దగ్గర పెట్టకండి. కాల్‌లో ఫోను మాట తప్ప మిగతా చప్పుళ్లను తగ్గించేస్తుంది, మీకు కావాల్సిందే పోతుంది. వీడియో తీసి పంపండి, వేగం, గేరు నోటితో చెబుతూ. ఆయన చైన్ కిట్టు, డ్రమ్ రబ్బర్లు అక్కడినుంచి వచ్చేవాళ్ల చేత పంపగలడు. చైన్ స్ప్రే డబ్బా మాత్రం పంపించవద్దు. మండే స్ప్రేలు విమానం లగేజీలో తీసుకురానివ్వరు. అది ఇక్కడే కొనుక్కోండి.

మామూలుగా చేసే పొరపాట్లు ఇంకో మూడు. చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు ఉంచడం: వంకర తిరిగిన పళ్లు కొత్త చైన్‌ని త్వరగా తమలా చేసేస్తాయి. పెట్రోలుతో, ఇనుప బ్రష్‌తో చైన్ కడగడం: లింకుల్లో ఓ-రింగులు అనే రబ్బరు రింగులు ఉన్న చైన్‌కి అది విషం; కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు. ఇసుక గాలిలో చిక్కటి గ్రీజు దట్టించడం: నూనె రోలర్ల లోపలికి పోవాలి. బండి నడిపి వచ్చాక, చైన్ వెచ్చగా ఉండగా, లోపలి అంచున పలచగా వేసి, కాసేపాగి, పైన మిగిలింది తుడిచేయండి. తుడవడమే ముఖ్యం. పైన మిగిలిన నూనెకు ఇసుక అంటిందంటే అది ఆకురాయి.

ఎప్పుడు నడపకూడదు?

చక్రం చేతికి ఆడుతుంటే. లాక్ లింకు క్లిప్పు లేకపోతే. చైన్ పన్ను మీంచి దూకుతుంటే. ముందు స్ప్రాకెట్ వదులైతే. నడుస్తుండగా చక్రం ఒక్క క్షణమైనా పట్టేసినట్టు అనిపిస్తే. జుబైల్ హైవే మీద పక్కన ట్యాంకర్లు పోతుండగా చైన్ తెగి చక్రానికి చుట్టుకుంటే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. సతహా బండి (టోయింగ్ లారీ) పిలిచి ఎక్కించండి. కిరాయి గురించి బేరం ఆడండి, ఎక్కించడం గురించి వద్దు.

ఇంకా కొనలేదు, చూడటానికి వెళ్తున్నారా? వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టండి. మీరు రాకముందే వేడెక్కి ఉంటే, ఎందుకు వేడి చేశారో అడగండి. మూడు, నాలుగు మెట్లు అక్కడికక్కడే చేయండి. చైన్, రబ్బర్లు, చక్రం బేరింగ్ అని తేలితే ధర తగ్గించి కొనుక్కోవచ్చు. గేర్‌బాక్సు అని తేలితే సలాం చెప్పి వచ్చేయండి. బండి సర్కారు వారి అబ్‌షర్ యాప్‌లో మీ పేరుకు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి, ఎంత తెలిసినవాడైనా సరే.

రేపు మీరూ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్తారు, ఈ బండి ఇంకో తెలుగువాడికో, మలయాళీకో అమ్ముతారు. చైన్ సెట్ ఏ కిలోమీటరు దగ్గర వేశారో, బేరింగుల నంబర్లేమిటో, నూనె ఏది పోశారో ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టి ఇవ్వండి. మీకు అమ్మినవాడు ఆ పని చేసి ఉంటే ఈ అధ్యాయంలో సగం మీకు అవసరం ఉండేది కాదు.